చెల్లని కాసు

తెలుగువారి జేబులలో నుండి ఏనాడో జారిపోయిన నాణేలు వారి నాలుకల మీద మాత్రం నేటికీ చెలామణి అవుతూనే ఉన్నాయి. చేతిలో డబ్బు లేనివాడు 'చిల్లిగవ్వ లేదు' అని వాపోతాడు. గవ్వలు ధనంగా చెల్లిన కాలం ఎప్పుడు గడిచిపోయిందో అతనికి తెలియదు. ఊరకే హడావుడి పడేవానిని చూచి 'దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు' అని ఇల్లాలు దెప్పుతుంది. దమ్మిడీని ఆమె కంటితో చూచి ఎరుగదు. లక్షణమైన అమ్మాయిని పదహారణాల తెలుగుపిల్ల అని మెచ్చుకొంటారు. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానీలు. అరవైనాలుగు కానీలు కూడితేనే ఒక నిండు రూపాయి. ఆ లెక్క 1957 ఏప్రిల్ 1వ తేదీతో ముగిసి, నూరు నయాపైసల రూపాయి వచ్చింది. 1964 జూన్‌లో 'నయా' అనే మాట కూడా రాలిపోయి వట్టి పైస మిగిలింది. అయినా నాలుగణాలను తలపించే 'పావలా' అన్న మాట ఇరవైఐదు పైసల బిళ్ళకు అంటుకొని మరొక అర్ధశతాబ్దం బ్రతికింది. 2011 జూన్ 30 నుండి ఆ బిళ్ళ కూడ చెల్లకుండా పోయింది.

ఆ తరువాత కొన్నేండ్లకు రాజమహేంద్రవరంలో, కోటిలింగాల రేవుకు దగ్గరగా ఉన్న ఒక పాత పెంకుటింటి అరుగుమీద కూర్చొని, ఒక పదేండ్ల బాలిక తన తాతగారిని అడిగింది: "తాతయ్యా, పావలా ఎట్లా ఉంటుంది?"

ఆ తాతగారు బస్సు కండక్టరుగా ముప్ఫైరెండు సంవత్సరాలు పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు. పావలాలు, అర్ధరూపాయిలు, పదిపైసల బిళ్ళలు ఆయన తోలుసంచిలో గలగలలాడని దినం లేదు. చీకటిలో, కిక్కిరిసిన బస్సులో, చూపు ఎత్తకుండా వ్రేళ్ళతో తడివి ఏ బిళ్ళ ఎంతదో చెప్పగలిగేవారు. అంచు గీతలున్నవి, నున్ననివి, పలకలు తీరినవి, పూరేకులవలె వంపులు తిరిగినవి, అన్నీ ఆయన వ్రేలికొసలకు తెలుసు. లక్షల నాణేలు ఆ చేతులమీదుగా సాగిపోయాయి. కాని మనుమరాలి ప్రశ్నకు జవాబుగా చూపడానికి ఇంట్లో ఒక్క పావలా అయినా లేకపోయింది. ఏ రోజు సొమ్ము ఆ రోజు రాత్రి డిపోలో లెక్కచెప్పి అప్పగించడమే ఆయన ఎరిగిన విద్య. మిగుల్చుకోవడం ఆ విద్యలో లేదు.

ఆ మధ్యాహ్నం ఆయన చెప్పులు తొడుగుకొని బజారుకు వెళ్ళారు. కిరాణాకొట్టు గల్లాపెట్టె అడుగున, కాగితం పరచిన చోట, దుమ్ముతో కలిసి మూడు పావలాలు దొరికాయి. ఖడ్గమృగం బొమ్మ ఉన్న ఉక్కు బిళ్ళలు అవి, 1988లో మొదలైనవి. దుకాణదారుడు డబ్బు పుచ్చుకోలేదు. "చెల్లని వాటికి వెల ఏమిటండీ కండక్టరుగారూ, పట్టుకెళ్ళండి" అన్నాడు. మనుమరాలు వాటిని బడికి తీసుకొనిపోయింది. మరునాడు ఆమె వెంట ఇద్దరు స్నేహితురాండ్రు వచ్చారు. నెల తిరిగేసరికి వీథిలోని పిల్లలందరికీ ఆయన 'కండక్టరు తాతగారు' అయినారు. ఆదివారం ఉదయం ఆ అరుగు నిండిపోయేది.

నాణేల సేకరణ అనగానే ధనికుల వ్యసనమని చాలామంది తలుస్తారు. గాజు బీరువాలు, వేలంపాటలు, దూరదేశాల వర్తకులు మనస్సులో మెదులుతారు. కండక్టరు తాతగారి పద్ధతి దానికి పూర్తిగా భిన్నం. చేతిలో ఉన్న రూపాయి బిళ్ళనే తిప్పి చూడమనేవారు. సంవత్సరం అంకె క్రింద ఒక చిన్న గుర్తు ఉంటుంది. నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలలో పుట్టినది. వజ్రపు ఆకారం ఉంటే ముంబయి. గుండ్రని చుక్క ఉంటే నోయిడా. ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. ఒకే సంవత్సరపు ఒకే రూపాయి నాలుగు ఊళ్ళలో పుట్టినదై ఉండవచ్చు. ఈ సంగతి తెలిసిన నాటినుండి పిల్లలు పాలపొట్లానికి వెళ్ళినా, పెన్సిలు కొన్నా, తిరిగి ఇచ్చిన చిల్లరను వెలుతురుకు పట్టి చూచుకొనేవారు. దమ్మిడీ ఖర్చు లేని సేకరణ అది. హైదరాబాదు టంకశాల 1803లో నిజాముల కాలంలో ఏర్పడి, 1903లో సైఫాబాదుకు మారి, 1997లో చర్లపల్లికి తరలిపోయిందనీ, సైఫాబాదులోని పాత కట్టడంలో 2022లో నాణేల ప్రదర్శనశాల తెరిచారనీ ఆయన పిల్లల కోసమే తెలుసుకొన్నారు. అప్పటివరకు ఆయనకు కూడ ఆ నక్షత్రం సంగతి తెలియదు. ముప్ఫైరెండేండ్లు ఆ బిళ్ళలను తడిమినవారు, ఒక్కనాడూ చదవలేదు.

దొరికే చోట్లు వెదకడంలో మాత్రం కండక్టరు అనుభవం అక్కరకు వచ్చింది. చిల్లర ఎక్కడ ఆగిపోతుందో ఆయనకు తెలుసు. నది వేగంగా పారేచోట ఇసుక నిలువదు, మలుపులో నిలుస్తుంది. నాణెమూ అంతే. బేరం జోరుగా సాగే కొట్లలో పాత బిళ్ళ ఆగదు. మంగలి దుకాణపు అరలో, కుట్టుమిషను సొరుగులో, ఇస్త్రీబండి క్రింది డబ్బాలో, మూతపడిన టెలిఫోను బూతు యజమాని ఇంట్లో ఆగుతుంది. అన్నింటికంటె ఎక్కువగా పోపులపెట్టెలో ఆగుతుంది. మెంతులు, ఆవాల అడుగున రూపాయి దాచుకోవడం తెలుగు ఇల్లాండ్రకు తరతరాల అలవాటు. వంటింటి బ్యాంకులో వడ్డీ లేకపోయినా చరిత్ర ఉంటుంది. పిల్లలు తమ అమ్మమ్మలను, నాయనమ్మలను ఒప్పించి ఆ పెట్టెలు దింపించారు. ఒక ఇంట ఆరు పలకల మూడుపైసల బిళ్ళ దొరికింది. 1964లో వచ్చి కొన్నేండ్లకే ఆగిపోయిన అల్యూమినియం నాణెం అది. మరొక ఇంట తామరపువ్వు ముద్రించిన ఇత్తడిరంగు ఇరవైపైసలు దొరికాయి. వాటిని బంగారమని భ్రమపడి దాచారట. ఇంకొక ముసలమ్మగారు మొలత్రాటికి కట్టిన చిల్లుకానీని విప్పి ఇచ్చారు. 1943 మొదలు 1947 వరకు, యుద్ధకాలంలో లోహం పొదుపు చేయడానికి నడుమ బెజ్జం పెట్టి వేసిన రాగిరంగు కానీ అది. చిల్లు పెట్టి లోహం మిగిల్చారు సరే, ఆ చిల్లు పుణ్యమా అని జనం దానిని త్రాటికి గుచ్చుకొని భద్రపరచుకొన్నారు. ప్రభుత్వం తలచినది ఒకటి, ఇల్లాలికి ఉపయోగపడినది మరొకటి.

గోదావరి మాట చెప్పకపోతే రాజమహేంద్రవరం నాణేల కథ పూర్తి కాదు. రైలు వంతెన ఎక్కగానే ప్రయాణికులు కిటికీలోనుండి నాణెం విసరి నమస్కరించడం తరాలుగా వస్తున్న ఆచారం. రాగినాణేలు నీటిని శుద్ధి చేస్తాయని దీనికి ఒక శాస్త్రీయ కారణం చెబుతూ ఉంటారు. అంత మహానదిని ఆ గుప్పెడు రాగి ఏ మాత్రం శుద్ధి చేయగలదో చెప్పినవారు లెక్క వేయలేదు. భక్తికి రసాయనశాస్త్రపు సిఫారసు అవసరమా అన్నది వేరే ప్రశ్న. ఏమైనా, 2003లోను, 2015లోను పుష్కరాలు వచ్చినప్పుడు నది గర్భంలోకి చేరిన చిల్లర అంతా ఇంతా కాదు. ఇప్పుడు చల్లగాలి పెట్టెల అద్దాలు తెరుచుకోవు గనుక కొంత తగ్గింది. ఆ నాణేలను రేవుల్లో పట్టేవారు ఉన్నారు. త్రాటికి అయస్కాంతం కట్టి నీటిలోకి వదలి, ఈడ్చి, పైకి లాగుతారు. అంటుకొని వచ్చేవి ఉక్కు బిళ్ళలు. ఒకప్పుడు శుద్ధ నికెలుతో చేసిన పాత రూపాయి, అర్ధరూపాయి కూడ అయస్కాంతానికి లొంగుతాయి. రాగి, కంచు, అల్యూమినియం, రాగి-నికెలు మిశ్రమం లొంగవు. అవి కావాలంటే మునగవలసిందే.

పిల్లలు అయస్కాంతం కొంటామని ఉత్సాహపడినప్పుడు తాతగారు గట్టిగా కాదన్నారు. గోదావరి లోతు ఒడ్డున నిలబడి తెలుసుకొనేది కాదు. ఆయనే వెళ్ళి రేవులో పనిచేసే కుర్రవాండ్రతో ఒక ఒప్పందం కుదుర్చుకొన్నారు. పాత బిళ్ళ ఏది దొరికినా తెచ్చి చూపితే, చెల్లనిదానికి కూడ చెల్లే డబ్బు ఇస్తారు. పదిరూపాయల బిళ్ళలు దుకాణదారులు పుచ్చుకోకుండా వెనక్కు నెట్టుతున్న రోజులు అవి. పదునాలుగు నమూనాలూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటించినా పుకారుదే పైచేయిగా ఉండేది. చెల్లని నాణెంకోసం పిల్లలు వెంపరలాడుతూ ఉంటే, చెల్లే నాణేన్ని పెద్దలు చెల్లదంటూ ఉండటం తాతగారికి నవ్వు తెప్పించింది.

ఎండాకాలం సెలవులలో ఆయన పిల్లలను రాళ్ళబండి సుబ్బారావుగారి పేరిట ఉన్న ప్రభుత్వ పురావస్తు ప్రదర్శనశాలకు తీసుకొనిపోయేవారు. 1922లో ఇదే ఊరిలో వెలసిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలికి సుబ్బారావుగారు ప్రాణం పోసినవారు. అక్కడ పిల్లలకు కలిగిన ఆశ్చర్యం వేరు. తాము సంపాదించుకొన్న బిళ్ళలకు రెండువేల సంవత్సరాల తాతముత్తాతలు ఉన్నారని వారికి తెలిసింది. శాతవాహనులు సీసంతో కూడ నాణేలు వేశారు. కొన్నింటిపై రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంటుంది. సముద్రవ్యాపారం చేసిన జాతి తన సంచిలోని బిళ్ళమీద ఓడను చెక్కుకొన్నది. ఇదే గోదావరి ఎగువన, నేటి జగిత్యాల జిల్లాలో, కోటిలింగాల అనే పేరుతోనే ఒక గ్రామం ఉన్నది. తొలి శాతవాహనుడైన శ్రీముఖుని నాణేలు అక్కడ దొరికాయి. వాటిని పరిశీలించి లోకానికి చాటినవారు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు. తమ రేవు పేరు, ఆ ఊరి పేరు ఒక్కటే అని తెలిసినప్పుడు పిల్లలు తామే ఆ నాణేలను త్రవ్వి తీసినంతగా సంబరపడ్డారు.

రాజరాజనరేంద్రుని సంగతి వారిని మరింత ఆకట్టుకొన్నది. నన్నయభట్టారకునిచేత భారతాన్ని తెనిగింపజేసిన ప్రభువుగా ఆయన పేరు పాఠాలలో చదివినదే. కాని ఆ ప్రభువు పలుచని బంగారు రేకులపై నడుమ వరాహలాంఛనం ఒత్తించి నాణేలు వేయించాడనీ, ఆ తూర్పుచాళుక్యుల నాణేలు బంగాళాఖాతం దాటి బర్మాదేశపు అరకాను తీరాన ఉన్న దీవిలో కూడ దొరికాయనీ ఏ పాఠంలోను లేదు. 'వరహా' అనే మాటకు మూలం ఈ వరాహమే. కావ్యాలలో దీనారాలు, టంకాలు, మాడలు అని చదివి ముందుకు సాగిపోయే విద్యార్థికి, అవి వట్టి మాటలు కావనీ, బరువూ మోతా ఉన్న వస్తువులనీ ఒకసారి తెలిస్తే, ముత్యాలశాలలో శ్రీనాథునికి జరిగిన కనకాభిషేకం కంటికే గాక చెవికి కూడ వినపడుతుంది. దీనారం రోమనుల దెనారియస్‌నుండి వచ్చిన మాట. మన కాసు ఇంగ్లీషువారి నోట 'క్యాష్' అయి, మదరాసు ప్రెసిడెన్సీ రాగినాణేలపైకి ఎక్కింది. అదే ప్రెసిడెన్సీలో పందొమ్మిదవ శతాబ్దారంభంలో కంపెనీవారు వేసిన వెండి అరవరహా, పావువరహాలపై ఒకవైపు గోపురం, మరొకవైపు విష్ణుమూర్తి. ఆ మూర్తి చుట్టూ అరవ అక్షరాలతోపాటు తెలుగు అక్షరాలు ఉంటాయి. నాణెంమీద తెలుగు చూచిన పిల్లవాడు మరునాడు తన రూపాయిని తిప్పి తిప్పి చూచి, "దీనిమీద తెలుగు ఎందుకు లేదు తాతగారూ?" అని అడిగాడు. నోటుమీద ఉన్నదని ఆయన సర్దిచెప్పారు. పిల్లవాడు తృప్తిపడలేదు.

ఇంటికి వచ్చినాక ఒకమ్మాయి తన దగ్గరి 1835 నాటి ఈస్టిండియా కంపెనీ పావుఅణాను చింతపండుతో, బూడిదతో తోమి తళతళలాడించి తెచ్చింది. నూటఎనభై ఏండ్లకు పైగా గాలి, చెమట, మట్టి కలిసి దిద్దిన ఆ ముదురు గోధుమవన్నె ఒక్క పూటలో కడుక్కొనిపోయింది. తాతగారు కోప్పడలేదు కాని ఆ పూట కాఫీ త్రాగలేదు. అప్పటినుండి ఒక నియమం వచ్చింది. నాణేన్ని తోమరాదు. మంచినీటిలో నానవేసి మెత్తని గుడ్డతో అద్దాలి. అంచులు పట్టుకోవాలేగాని ముఖాన్ని తాకరాదు. మట్టిలో ఏదైనా దొరికితే దాచుకోరాదు. పదిరూపాయలకు మించిన విలువగల నిక్షేపం నేలలో దొరికితే కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టం చెబుతున్నది. ఇవన్నీ ఆయన కండక్టరు కంఠంతో, ఆగవలసిన ఊళ్ళ పేర్లు చదివినట్లు చెప్పేవారు.

అన్నింటికంటె ముఖ్యమైన నియమం చీటీ. ప్రతి నాణేనికీ ఒక చిన్న కాగితం ముక్క జతచేయాలి. దానిపై నాణెం పేరు, సంవత్సరం, దొరికిన చోటు, దొరికిన తేదీ, ఇచ్చినవారి పేరు వ్రాయాలి. "టిక్కెట్టు లేని ప్రయాణికుడు ఉండరాదు" అని నవ్వేవారు. చీటీ లేని నాణెం ఆయన వద్ద ఒకటే ఉండేదని పిల్లలకు అప్పటికి తెలియదు.

ఒక కార్తికమాసంలో ఇది జరిగింది. తెల్లవారుజామున రేవులో దీపాలు వదిలే జనం కిటకిటలాడుతున్నారు. తొమ్మిదవ తరగతి చదివే ఒక కుర్రవాడు తల్లితో వెళ్ళి, అరటిదొప్పలో వత్తివేసి అమ్మే ఒక వృద్ధురాలి వద్ద రెండు దొప్పలు కొన్నాడు. ఆమె చిల్లరకోసం బొడ్డున దోపుకొన్న గుడ్డసంచిని గుమ్మరించింది. బిళ్ళల నడుమ ఒకటి వెడల్పుగా, మసకగా కనిపించింది. కిరీటం పెట్టుకొన్న రాజు తల. కుర్రవాని గుండె దడదడలాడింది.

"మామ్మా, ఈ బిళ్ళ చెల్లదు. నాకు ఇచ్చెయ్యి, పదిరూపాయలు ఇస్తాను."

ఆమె దానిని దీపం దగ్గరకు పట్టి చూచింది. చూపు ఆననట్లున్నది. "చెల్లనిదానికి పదెందుకు బాబూ?" అంటూనే ఇచ్చింది. వెనుక జనం తోసుకొంటున్నారు.

ఆదివారం అరుగుమీద అతడు ఆ నాణేన్ని పెట్టగానే పిల్లలందరూ మీద పడ్డారు. 1919 నాటి అయిదవ జార్జి రూపాయి. తాతగారు దానిని వ్రేలికొసన నిలిపి గోటితో మీటారు. నిలువ ఉన్న మ్రోత సన్నగా సాగి ఆగింది. తులం బరువు, పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. 1940 తరువాతి రూపాయిలలో వెండి సగమే. 1947 నాటిదానిలో అసలే లేదు. కరిగించి అమ్మినా పదిరూపాయలకు ఎన్నో రెట్లు పలికే వస్తువు.

"ఎంతకు వచ్చింది?" అన్నారు.

"పదికి తాతగారూ!"

"ఆమెకు ఏమని చెప్పావు?"

"చెల్లదని చెప్పాను. అబద్ధం కాదు గదా?"

అబద్ధం కాదు. ఆ రూపాయి ఏ దుకాణంలోను చెల్లదు. ఆ సంగతి అరుగుమీద ఉన్న అందరికీ తెలుసు. తాతగారు కొంతసేపు మాట్లాడలేదు. నాణెం మరల కుర్రవాని చేతిలో పెట్టి లోపలికి వెళ్ళారు. తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఒక పాత అగరువత్తుల డబ్బా ఉన్నది. దానిలో దూదిపై అదే రాజు తలతో మరొక వెండి రూపాయి. చీటీ లేదు.

1978లో ఆయన గోకవరం దారిలో తిరిగే బస్సుకు కండక్టరు. ఒకనాడు సంతనుండి వస్తున్న ఒక ముసలమ్మ కొంగుముడి విప్పి, ఆ రూపాయి ఇచ్చి, టిక్కెట్టు పుచ్చుకొన్నది. చేతికి తగలగానే ఆయన వ్రేళ్ళు పోల్చుకొన్నాయి. ఆమెకు మామూలు రూపాయికి ఇవ్వవలసినంత చిల్లర ఇచ్చి, ఆ నాణేన్ని చొక్కా జేబులో వేసుకొని, తన సొంత రూపాయి ఒకటి తోలుసంచిలో వేశారు. రాత్రి లెక్క పైసతో సహా సరిపోయింది. ఏ తనిఖీ అధికారీ తప్పు పట్టగలిగినది కాదు. ఆ ముసలమ్మ ఆ తరువాత రెండుసార్లు అదే బస్సు ఎక్కింది. రెండుసార్లూ ఆయన టిక్కెట్టు ఇచ్చి, చిల్లర ఇచ్చి, జాగ్రత్తగా దిగమని చేయి అందించారు. రూపాయి మాట ఎత్తలేదు. తరువాత ఆమె కనపడలేదు.

ఈ కథను ఆయన మనుమరాలి ముందు చెప్పడం అదే మొదలు. చెప్పి, డబ్బా మూసి, "ఎండ వచ్చింది, ఇండ్లకు పోండి" అన్నారు. కుర్రవానిని ఏమీ ఆజ్ఞాపించలేదు.

కుర్రవాడు ఆ సాయంత్రమే రేవుకు వెళ్ళాడు. వృద్ధురాలు లేదు. మరునాడూ లేదు. కార్తికం ముగిసింది, దొప్పల బేరం ముగిసింది, ఆమె పేరు ఎవరికీ తెలియదు. అప్పుడు పిల్లలందరూ కలిసి వెదకసాగారు. చిల్లర ఎక్కడ ఆగుతుందో నేర్చుకొన్న పిల్లలకు, మనుషులు ఎక్కడ ఆగుతారో వెదకడం కొత్త విద్య. పూలు అమ్మేవారిని అడిగారు. అరటిబోదెలు తెచ్చే బండివానిని అడిగారు. రేవు కుర్రవాండ్రను అడిగారు. మూడు వారాలకు, కంబాలచెరువు వైపు ఒక వీథి మొగదల తోటకూర కట్టలు పెట్టుకొని కూర్చొన్న ఆమెను గుర్తుపట్టినది కండక్టరుగారి మనుమరాలే.

కుర్రవాడు నాణెం ఆమె ఒడిలో పెట్టి, అది వెండిదనీ, చాలా డబ్బు వస్తుందనీ, ఆనాడు తాను ఆ మాట చెప్పలేదనీ తడబడుతూ చెప్పాడు. ఏదైనా కథ ఉంటుందని, పెండ్లినాటి కానుక అనో, పోయిన కొడుకు గుర్తు అనో ఆమె కంటనీరు పెడుతుందని పిల్లలు ఎదురుచూచి ఉంటారు. అట్లాంటిది ఏమీ జరగలేదు. అది తన సంచిలోకి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. ఎవరో దొప్ప కొని ఇచ్చి ఉంటారన్నది. "ఎంతొస్తుంది?" అని రెండుసార్లు అడిగి, నాణేన్ని కొంగున ముడివేసి, అతని పదిరూపాయలు అతనికి ఇచ్చి, ఒక తోటకూర కట్ట చేతిలో పెట్టింది. వారం తరువాత వెళ్ళినప్పుడు ఆమె కళ్ళజోడు పెట్టుకొని ఉన్నది. రూపాయిని వెండికొట్టులో అమ్మివేసింది.

కుర్రవాడు దుఃఖం ఆపుకోలేకపోయాడు. నూరేండ్లు దాటిన నాణెం కుంపటిలో కరిగిపోయిందని, తన దగ్గర ఉంటే భద్రంగా ఉండేదని, తాతగారిమీదనే అలిగాడు. అతని మాటలో న్యాయం లేకపోలేదు. మ్యూజియంలో ఉండదగిన వస్తువు మూసలో పడటం ఎవరికి మాత్రం ఇష్టం? తాతగారు వాదించలేదు. రెండు ఆదివారాలు అతడు అరుగుకు రాలేదు. మూడవ ఆదివారం వచ్చి, ఏమీ ఎరగనట్లు చివర కూర్చొన్నాడు. అతని పుస్తకంలో 1919 అని వ్రాసి పెట్టుకొన్న గడి ఖాళీగా ఉన్నది. దానిని అతడు వేరే నాణెంతో పూరించలేదు.

ఆ ఉదయమే తాతగారు అగరువత్తుల డబ్బా తెచ్చి మనుమరాలి ముందు పెట్టారు. చూపు మందగించిందని, చీటీ ఆమెనే వ్రాయమన్నారు. నాణెం పేరు వ్రాసింది. సంవత్సరం వ్రాసింది. దొరికిన చోటు అంటే, గోకవరం బస్సు అన్నారు. తేదీ గుర్తులేదు, 1978 అని వేసింది.

"ఇచ్చినవారి పేరు తాతయ్యా?"

"తెలియదమ్మా. ఆ వరుస కొట్టివేసి, తీసుకొన్నవారి పేరు అని వ్రాయి."

ఆమె వ్రాసి, ఆయన ముఖంలోకి చూచి, ఆయన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా వ్రాసింది. అంతలో ఎవరో పిల్లవాడు గుప్పిట మూసుకొని పరుగెత్తుకొంటూ వచ్చాడు. వాళ్ళ నాయనమ్మ పోపులపెట్టెలో నయాపైస దొరికిందట; మెంతులవాసన ఇంకా పోలేదు.